కారణం రాసే గడి

మా బావ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు గంటసేపు కూర్చుని రెండే మాటలు మాట్లాడాడట. ఒకటి "మంచినీళ్లు", రెండోది "చాలు". అమ్మ విసిగిపోయి, కనీసం చేతికి పనైనా ఉంటుందని ఒక యాపిల్ పండూ చాకూ ఇచ్చింది. ఆయన తొక్కని ఎక్కడా తెగకుండా, అవతలి వైపు కనబడేంత పల్చగా తీసి పళ్లెంలో చుట్టలా పెట్టాడు. అక్క తలుపు చాటు నుంచి ఆ తొక్కనే చూసింది గాని మనిషిని చూడలేదని తర్వాత మేమంతా ఏడిపించేవాళ్లం. "నోరు లేకపోతే పోనీ, చేతిలో పనుంది" అని అమ్మ ఒప్పుకుంది.

ఆ చేతిలో పనే ఆయన్ని అరవై ఏళ్లదాకా నిలబెట్టింది. పదో తరగతి దాటలేదు. పరిశోధనాలయంలో నేల తుడవడానికి చేరాడు. తుడుస్తూ తుడుస్తూ పక్కవాడు చేసే పని చూసి నేర్చుకున్నాడు. పదేళ్లు తిరిగేసరికి, చనిపోయిన మనిషి గుండెని మైనంలో పోతపోసి, ఆ దిమ్మెని తలవెంట్రుకలో సగం మందాన పొరలుగా కొయ్యాలంటే ఆయన తప్ప దిక్కు లేదన్నంత పేరు వచ్చింది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా 'పొరల మాస్టారు' అనేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆ పేరుకి విలువ లేదు. టమాటా తరిగి ఇస్తే, "కూరలో ముక్క కనబడాలంటే మీ ఆఫీసు నుంచి భూతద్దం తెచ్చుకోవాలి" అనేది అక్క.

ఆయన పని చూడాలంటే ఓపిక ఉండాలి. ఉత్తరం వైపు కిటికీ, దాని కింద బల్ల, బల్ల మీద చక్రం ఉన్న కోత యంత్రం, పక్కన గోరువెచ్చని నీళ్ల తొట్టి. చక్రం ఒక్క చుట్టు తిప్పితే ఒక్క పొర వస్తుంది. దాన్ని కుంచె మొనతో నీళ్ల మీదికి దింపి, ముడతలు పోయేదాకా ఆగి, కింద నుంచి గాజు పలక పెట్టి పైకి తీయాలి. అంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. "రా తల్లీ, రా" అని గొణిగేవాడు. నాతో మాట్లాడిన దానికంటే ఆ పొరలతోనే ఎక్కువ మాట్లాడాడు. మధ్యాహ్నం దాకా టీ ముట్టేవాడు కాదు. టీ తాగితే అది చేతిలోకి దిగుతుందని ఆయన నమ్మకం.

నేను అదే గదిలో రెండో మూల. ఆయన ఇచ్చిన పలకకి ఫోటో తీసి, ఫోటో మీద ఫోటో అంచులు కలిసేలా కంప్యూటర్లో పేర్చడం నా పని. ఒక పుస్తకం కుట్టు విప్పి, కాగితం కాగితం ఫోటో తీసి, మళ్లీ కుట్టడం లాంటిది. రెండువేల పైచిలుకు పొరలు పేరిస్తే కంప్యూటర్లో ఒక నిండు గుండె నిలబడుతుంది. ఆ తర్వాత చదువుకున్నవాళ్లు వచ్చి దాన్ని కొట్టుకునేలా చేస్తారు. అందులో ఒక్కో నలుసుకీ ఒక నియమం చెబుతారు: పక్కవాడు లేస్తే నువ్వూ లే, లేచాక కాసేపు పడుకో. లక్షల నలుసులు ఆ ఒక్క నియమం పాటిస్తే తెర మీద గుండె అంతటా ఒక అల పాకుతుంది. అదే గుండె చప్పుడు. బతికున్న మనిషి గుండెని కోసి చూడలేం, చచ్చినవాడి గుండెలో కరెంటు పారదు. అందుకని ఈ మూడో దారి.

ఈ ఉద్యోగం నాకు వేయించింది అక్క. అమ్మ పోయినప్పుడు నేను ఏడాది మనిషిని కాలేదు. తినలేదు, పనికి పోలేదు, గడ్డం కూడా గీసుకోలేదు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని తన ఇంటికి లాక్కుపోయింది. ఎదుట కూర్చుని అన్నం తినిపించింది. బావ ప్రాణం తీసి నన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది. నన్ను రెండోసారి కన్నది అక్క అని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మొదటి రోజు బావ నాకు ఒక రిజిస్టరు చూపించాడు. పొర అంకె, కోసిన వేళ, ఆ పక్కన రెండు చిన్న గడులు. పొర చిరిగితే మొదటి గడిలో ఎర్ర చుక్క. రెండో గడిలో ఎందుకు చిరిగిందో కారణం. సాయంత్రం నేను దాన్ని చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒక్క పొర పోతే పైదాని నకలు పెట్టి నెట్టుకురావచ్చు. వరసగా రెండు పోతే మాత్రం ఖాళీ వదిలెయ్యాలి. అక్కడ కంప్యూటరు నలుపు చూపిస్తుంది.

"లేనిదాన్ని ఉందని చెప్పకూడదు" అన్నాడు బావ. నాకు ఆయన ఇచ్చిన శిక్షణ అంతా కలిపి ఆ ఒక్క వాక్యమే.

ఏడేళ్ల కిందట మా దగ్గరికి ఒక గుండె వచ్చింది. ఎవరిదో పేరు చెప్పలేదు, అంకె ఇచ్చారు. ఆ మనిషి ఒకసారి గుండెపోటు వచ్చి బతికి, మచ్చపడిన గుండెతో మూడేళ్లు మామూలుగా తిరిగి, ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కూలిపోయాడు. మూడేళ్లు ఆడిన గుండె ఆ రోజే ఎందుకు ఆగింది? అది కంప్యూటర్లో తేల్చాలి. బావ రోజుకి ఆరు పొరలు కోస్తున్నాడు. నెలకి ఒకటి చిరిగితే గొప్ప.

పదమూడు వందల ముప్పై ఎనిమిదో పొర దగ్గర మొదలైంది. ఆ రోజు ఒక ఎర్ర చుక్క. రెండు రోజులకి ఇంకొకటి. ఆ తర్వాత రోజూ. ఆరు పొరలు మూడైపోయాయి, ఆ మూడింటిలో ఒకటి చిరిగేది. నేను నా మూల నుంచి చూస్తూనే ఉన్నాను. కుంచె మొన నీళ్ల మీద చిన్నగా కొట్టుకునేది. బావ ఆగి, చెయ్యి దులుపుకుని, మళ్లీ పట్టుకునేవాడు.

"ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అని ఒకసారి అడిగాను.

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. "రాశాను కదా" అన్నాడు. మళ్లీ చక్రం వైపు తిరిగాడు.

చేయి వణుకుతోందని నోటితో చెప్పలేక రిజిస్టర్లో రాసుకున్నాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతకు నెల ముందే గాజు పలకలు కడిగే ముసలాయన్ని పెద్దసారు ఇంటికి పంపేశాడు. "వణికే చేతికి ఇక్కడ పనేముంది" అన్నాడు, ఆ ముసలాయన వింటుండగానే. ఆ మాట బావకి తగలకూడదనుకున్నాను. పైగా దిమ్మె మధ్యలో చెయ్యి మారకూడదు, మారితే పొర మందం మారిపోతుంది. బావ పోతే సగం గుండె వృథా. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు. మనిషికి కావాలంటే కారణాలకి కరువా?

సాయంత్రం రిజిస్టరు ముందు పెట్టుకుని, చుక్క ఉన్న ప్రతి చోటా పైపొర నకలు పెట్టేశాను. వరసగా రెండు పోయినా నకలే, మూడు పోయినా నకలే. అంచులు కాస్త అటూ ఇటూ జరిపి, వేరే పొరలా కనబడేలా చేశాను. కంప్యూటర్లో 'బాగుంది' అని కొట్టాను. 'బాగుంది' అంటే అది కారణం అడగదు. కారణం గడి నేను చదవలేదు. నా దగ్గర ఒక స్టీలు స్కేలు ఉండేది, దాన్ని పేజీ మీద నిలువుగా పెట్టి ఆ గడి మొత్తం కప్పేసేవాణ్ణి. "చేయి ఆగలేదు" అని బావ చేతిరాతలో చదివితే ఇంక నేను అబద్ధం ఆడలేనని భయం. ఐదు వారాలు. తొంభైమూడు పొరల్లో ముప్పై ఒకటి. చివరి వారం కోసినవి పంతొమ్మిదైతే అందులో పద్నాలుగు నకళ్లే.

ఆ ఐదు వారాల్లో అక్కతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. గొంతు నీరసంగా ఉందంటే, "గ్యాస్ ట్రబుల్‌రా, ఏం తిన్నా పడట్లేదు" అనేది. వస్తానంటే, "ఇంటికి రంగులేస్తున్నారు, కూర్చోడానికి చోటు లేదు, ఇప్పుడు రాకు" అనేది. నేను ఊరికి ఈ చివర, వాళ్లు ఆ చివర, రెండు బస్సులు మారాలి. రావద్దన్నందుకు, నిజం చెప్పాలంటే, కొంచెం హాయిగా కూడా అనిపించింది. వచ్చే ఆదివారం చూద్దాం అనుకున్నాను. ఐదు ఆదివారాలు అలాగే అనుకున్నాను.

ఒక గురువారం పొద్దున్నే ఫోను వచ్చింది. వెళ్లేసరికి అక్క నేల మీద ఉంది. మొహం ఎముకలకి అంటుకుపోయి, నేను గుర్తు పట్టడానికి ఒక క్షణం పట్టింది. గోడలకి రంగులు వేసిన జాడ ఎక్కడా లేదు. పక్కింటావిడ చెప్పింది, గ్యాస్ ట్రబుల్ కాదు, క్యాన్సరని, రెండు నెలల నుంచీ తెలుసునని.

నేను అందరి ముందూ బావ మీద విరుచుకుపడ్డాను. "ఒకే గదిలో కూర్చుంటాం. పొద్దున్నించి సాయంత్రం దాకా. ఒక్క మాట చెప్పలేదు నాకు" అని అరిచాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఎవడో దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూశాడు. ఏమీ అనలేదు. తప్పు చేసినవాడు ఏమంటాడులే అనుకున్నాను.

పదిహేనో రోజు ఆయన పనికి వచ్చాడు. ఆ రోజు నుంచి మిగిలిన పొరలన్నీ కోశాడు. ఒక్కటంటే ఒక్కటి చిరగలేదు. దుఃఖంతో మొండికెత్తి చెయ్యి గట్టిపడిందనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి నేను.

అప్పటినుంచి ఆరేళ్లు మా మధ్య పని మాటలే. "పలక", "ఇదిగో", "లైటు తియ్యి". అవసరం పడి వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది గాని గడియ లేదు. రాత్రి కూడా వేసుకోడని పక్కింటావిడ చెప్పింది. "దొంగల్ని బొట్టు పెట్టి పిలుస్తున్నావా" అన్నాను. వినిపించుకోలేదు. ముసలితనం, మతిమరుపు అని సరిపెట్టుకున్నాను.

గుండె పేర్చడం పూర్తయిన ఏడాదికి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు, తిండి మీద ధ్యాస లేని పిల్ల. మేం పేర్చిన గుండెలో అల పారించడం ఆమె పని. రెండు మూడు నెలలకి ఒకరోజు కేకేసింది. వెళ్లి చూస్తే, మచ్చ మధ్యలో తిన్నగా ఒక సన్నటి సందు. అల మచ్చ చుట్టూ తిరిగొచ్చి ఆ సందులో దూరి, వెనక నుంచి బయటపడి, మళ్లీ అదే దారి పట్టి గుండ్రంగా తిరుగుతోంది. ఇంక గుండె కొట్టుకోదు, వణుకుతుంది. వణికి ఆగుతుంది. "మామూలుగా కండ పొర పొరకీ కొంచెం మెలి తిరుగుతుంది. ఇక్కడ తిరగలేదు, చూడండి, గోడ కట్టినట్టు తిన్నగా ఉంది. అందుకే అల పరిగెడుతోంది. మూడేళ్లు బతికినవాడు ఎందుకు పోయాడో ఇదిగో ఇక్కడుంది" అంది.

నేను మొదట చూసింది సందుని కాదు, మూలన ఉన్న పొర అంకెల్ని. పద్నాలుగు వందల పన్నెండు నుంచి పద్నాలుగు వందల ముప్పై. ఆ వారం నాకు తెలుసు. మెలి తిరగకపోవడానికి కారణం కూడా తెలుసు. ఒకే కాగితాన్ని పదిసార్లు పేరిస్తే అక్షరాలు ఒకదాని కింద ఒకటే పడతాయి. చెప్పబోయాను. అప్పటికే ఆమె బావని చెయ్యి పట్టుకుని తెర ముందుకి తెచ్చింది.

"మాస్టారూ, ఇది మీ చేతిలోంచి వచ్చింది. దీనికి మీ పేరే పెడుతున్నా. మాస్టారి సందు."

బావ అరచేతులు చొక్కాకి తుడుచుకుని, తెరని వేలితో తాకాడు. నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. చిరిగిన చోట్ల నలుపు లోపలెక్కడో ఉండే ఉంటుందని ఆయన ధైర్యం. తను చుక్క పెట్టాడు కదా, నేను వదిలే ఉంటాను కదా. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత రోజూ ఇంటికి వెళ్లేముందు ఆయన రెండు నిమిషాలు ఆ తెర ముందు నిలబడి అల తిరగడం చూసి వెళ్లేవాడు. పదవీ విరమణ రోజు డాక్టరమ్మ ఆ బొమ్మని అద్దం కట్టించి ఇచ్చింది. అక్క ఫోటో పక్కన తగిలించాడని విన్నాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. వేరే చోట యంత్రంతో కోసిన రెండు గుండెల్లో సందు కనబడలేదు. మనిషి మనిషికీ మారుతుందేమోనని డాక్టరమ్మ సరిపెట్టుకుంది. పోయిన నెల ఆమె సంతోషంగా వచ్చి, ముగ్గురు మనుషులు ఒప్పుకున్నారని చెప్పింది. బతికున్న మనుషులు, మచ్చపడిన గుండెలవాళ్లు. తొడ నరంలోంచి తీగ పంపి, గుండెలో సందు ఉండాల్సిన చోట కాల్చి మూసేస్తారట. తేదీ కూడా పెట్టేశారు.

బావ నవ్వు కోసం ఒక అబద్ధాన్ని నాలుగేళ్లు మోయగలిగాను. దానికోసం ముక్కూమొహం తెలియని మనిషి గుండె కాల్పించలేకపోయాను. మర్నాడు పొద్దున్నే ఆమె బల్ల దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను.

ఆమె నన్ను ఆపలేదు. ఆ ఫోటోలు తెరిచి, ఒకదాని మీద ఒకటి వేసి, నేను జరిపిన అంచుల్ని మళ్లీ వెనక్కి జరిపింది. బొమ్మ కదలలేదు. పది పొరలు మార్చినా తెర మీద ఒకే బొమ్మ. ముందు ఆసుపత్రికి ఫోను చేసి ఆ ముగ్గురి తేదీ రద్దు చేసింది. తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అరచేతుల్తో మొహం కప్పుకుని కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

కాసేపటికి, "ముప్పై ఒకటీ నలుపు చెయ్యండి" అంది. "రిజిస్టర్లో కారణాలు కూడా ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి. మైనం తప్పో, మచ్చ మరీ గట్టిదో, చేతి తప్పో నాకు తెలియాలి."

ఇనప బీరువాలోంచి రిజిస్టరు తీసి నా మూలకి తెచ్చుకున్నాను. ఒకసారి కంప్యూటర్లో ఎక్కాక ఆ రిజిస్టర్లని ఎవరూ ముట్టరు, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. అలవాటుగా చెయ్యి స్కేలు కోసం వెతికింది. స్కేలు పక్కన పెట్టి మొదటి ఎర్ర చుక్క దగ్గర వేలు ఉంచాను. బావ రాత చిన్నది, పొందికైనది.

1338. చిరిగింది. రాత్రంతా ఆమెకి నొప్పి. నాకు నిద్ర లేదు.

1351. చిరిగింది. కాలేయం దాకా పాకిందన్నారు. నెలన్నర అన్నారు.

1352. చిరిగింది. అదే కారణం.

ఏ పొర చిరిగినా కారణం రాయాలన్నది నియమం. బావ నియమం పాటించాడు. మైనం గురించీ మచ్చ గురించీ ఎక్కడా లేదు, ఎందుకంటే కారణం అది కాదు.

1367. చిరిగింది. తమ్ముడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అమ్మ పోయినప్పుడు వాడు ఏమైపోయాడో చూశాం కదా, నేనే మెల్లగా చెబుతానంది. నోటితో చెప్పనని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు. ఈ గడి వాడు చదువుతాడు.

నేను చేసే పనల్లా ఆ గడి చదవడమే. నెలనెలా జీతం ఇచ్చింది ఆ గడి చదవడానికే.

1380. చిరిగింది. మెట్లు ఎక్కలేకపోయింది. ఎత్తుకుని తీసుకెళ్లాను. బరువు లేదు.

1399. చిరిగింది. వాడు రోజూ రిజిస్టరు చూస్తున్నాడు. ఒంట్లో బాలేదా అని నన్నడిగాడు. రాశాను కదా అన్నాను. ఏమీ అనలేదు. వాడికీ కొంచెం టైము కావాలి.

1412. చిరిగింది. ఆదివారం వస్తాడనుకున్నాను.

ఆ తర్వాతవి సందులో ఉన్నవి. నాలుగేళ్లు డాక్టరమ్మ రంగులు వేసి చూసుకున్నవి, బావ తెర మీద వేలితో తాకినవి. ఒక్కో దాని మీద నేను 'బాగుంది' అని కొట్టినవి.

1426. చిరిగింది. వాణ్ణి అడుగుతోంది.

1427. చిరిగింది. మళ్లీ అడిగింది.

1430. చిరిగింది. ఈ పూటే రా. పిల్లాడొచ్చేదాకా తలుపు గడియ వెయ్యొద్దంటోంది. వెయ్యను.

తేదీ బుధవారం. ఆ సాయంత్రం నేను రిజిస్టరు ముందు పెట్టుకుని, స్కేలు నిలువుగా వేసి, పద్నాలుగు వందల ముప్పైకి నకలు పెట్టి, ఐదున్నర బస్సుకి ఇంటికి వెళ్లాను.

ముప్పై ఒకటీ ఎక్కించాను. అక్షరం మార్చలేదు. డాక్టరమ్మ నా వెనక నిలబడి చదివింది, చివరిదాకా ఉండలేక బయటికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండు బస్సులు మారి బావ ఇంటికి వెళ్లాను. తలుపు తోస్తే వచ్చింది. బావ కుర్చీలో కూర్చుని బీన్స్ తరుగుతున్నాడు. ముక్కలు కాగితంలా ఉన్నాయి.

"బావా, ఇవాళ రిజిస్టరు చదివాను."

"ఏ రిజిస్టరు?" అన్నాడు. అని చాకు ఆపాడు. "ఇవాళా?"

"ఇవాళే. చుక్కలు చూశాను అప్పుడు. గడి చూడలేదు. నీ చెయ్యి వణుకుతోందని రాసుంటావనుకున్నాను. అది చదవలేక స్కేలు అడ్డం పెట్టుకున్నాను. నీ ఉద్యోగం పోతుందని ఖాళీల్లో నకళ్లు పెట్టాను. ఆ సందు నేను చేసిందే. అసలు లేదు."

ఆయన చాకుని పళ్లెంలో పెట్టాడు. గోడ వైపు చూశాడు. గోడ మీద అక్క ఫోటో, దాని పక్కన అద్దం కట్టిన బొమ్మ.

"ఆ రోజు నువ్వు అందరి ముందూ అరిచావు, ఒక్క మాట చెప్పలేదని" అన్నాడు చివరికి. "అన్నీ తెలిసి, రాకుండా ఉండిపోయినవాడు ఇంత నటిస్తాడా అనుకున్నాను. ఆరేళ్లూ అదే అనుకున్నాను రా."

"నువ్వు దాచావని నేననుకున్నాను."

"నాకు దాచడం చాతకాదు."

ఆయన మోకాళ్ల మీద మొహం పెట్టి ఏడ్చాను. ఆయన చేతులు కదలలేదు. నా తల మీద వేస్తాడేమోనని చూశాను, వెయ్యలేదు. అలా వెయ్యకపోవడమే న్యాయం.

"అక్కకి ఏం చెప్పావు బావా, నేను రాకపోతే?"

"వాడికి తెలుసు, రాసి పెట్టాను, వస్తాడు అన్నాను. మంచం తలుపు వైపు తిప్పమంది. తిప్పాను. తెల్లవారుజాము దాకా అటే చూసింది."

తర్వాత ఆయన లేచి, గోడ మీద సందు బొమ్మని దింపి, నీళ్ల మీంచి పొర ఎత్తుతున్నంత జాగ్రత్తగా తుండు చుట్టి బల్ల కింద పెట్టాడు.

"ఆ అమ్మాయికి నాలుగేళ్లు పోయాయి."

"పోయాయి."

"తిట్టిందా?"

"లేదు."

"తిడితే బాగుండేది నీకు" అన్నాడు. "ఇప్పుడు అక్కడేముంది?"

"నలుపు."

"అదే ఉండాల్సింది."

పొద్దు వాలింది. నేను వెళ్లొస్తానని లేచాను. ఆయన వీధి తలుపు దాకా వచ్చాడు. ఎన్నడూ రాడు.

"వచ్చావుగా ఇవాళ" అన్నాడు. "తలుపు దగ్గరికి లాగు."

లాగాను. మూడు మెట్లు దిగేసరికి లోపల గడియ వేసిన చప్పుడు వినిపించింది. ఆరేళ్లు కదలని గడియ కాబట్టి తేలిగ్గా పడలేదు. రెండుసార్లు నెట్టాల్సి వచ్చింది ఆయనకి.